టియర్‌డ్రాప్ ట్రైలర్ అడుగు: చెక్క, చెమ్మ, పూత



ఈరోజు ఒక చిన్న బండి అడుగు భాగం గురించి మాట్లాడుకుందాం. కారు వెనక తగిలించుకుని అడవికో, సరస్సు ఒడ్డుకో తీసుకెళ్లి, రాత్రికి ఇద్దరు అందులో పడుకునే క్యాంపింగ్ ట్రైలర్ అది. కొన్నది కాదు, సొంత చేతులతో కట్టుకున్నది. అమెరికాలో స్థిరపడిన మనవాళ్లలో చేతిపని మీద మక్కువ ఉన్నవాళ్లకు ఈ మాటలు నేరుగా పనికొస్తాయి. ఇక్కడ ఉండి వింటున్నవాళ్లకూ అక్కరకు వస్తాయి. వానాకాలంలో తలుపు చెక్క ఉబ్బి బిగుసుకుపోయిన ఇల్లు, వంటగట్టు కింద అలమర అంచు పొరలు పొరలుగా ఊడిపోయిన ఇల్లు మనకు కొత్త కాదు కదా.

ఈ బండిని అక్కడ టియర్‌డ్రాప్ ట్రైలర్ అంటారు. పక్క నుంచి చూస్తే ముందువైపు గుండ్రంగా ఉండి, వెనక్కి పోయేకొద్దీ కిందికి జారినట్టు ఉంటుంది. 1930లలో, ఆర్థిక మాంద్యం రోజుల్లో, అమెరికాలో మామూలు జీతగాళ్లు వీటిని ఇంటి దగ్గర కట్టుకోవడం మొదలుపెట్టారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, పెట్రోలు రేషను ఎత్తేశాక, ఈ సరదా బాగా పెరిగింది. 1947 సెప్టెంబరులో మెకానిక్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక ఇద్దరికి సరిపోయే ట్రైలర్ నమూనాను అచ్చువేసింది. తర్వాత పెద్ద పెద్ద ట్రైలర్లు వచ్చి ఇవి మరుగున పడ్డాయి గానీ, మళ్లీ కొన్ని దశాబ్దాలుగా గరాజుల్లో రంపం చప్పుడు వినిపిస్తూనే ఉంది. సాధారణ కొలత నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు. అంటే సరిగ్గా ఒక ప్లైవుడ్ షీటు. లోపల ఒక పరుపు, వెనక తలుపు పైకెత్తితే చిన్న వంటగది. అంతే బండి.

కట్టేవాళ్ల మనసంతా ఎక్కడ ఉంటుంది? పక్కగోడల వంపు మీద, తలుపు మీద, వార్నిష్ నిగనిగల మీద, వంటగది అరల మీద. నేల కింద ఏం పూయాలన్న ప్రశ్న చివర్లో వస్తుంది. అప్పటికే నేలచెక్కను ఇనుప ఛాసిస్‌కు బిగించేసి ఉంటారు. ఇక వెల్లకిలా పడుకుని, కళ్లలో రంగు చుక్కలు పడుతుంటే, బ్రష్షు అందినంత మేర పూసి లేస్తారు. నా ఉద్దేశంలో ఈ బండి ఆయుష్షు తేలేది ఆ అడుగులోనే. పైకప్పు కారితే మొహం మీద చుక్క పడుతుంది, వెంటనే తెలుస్తుంది. అడుగున చెమ్మ చేరితే ఏళ్ల తరబడి ఎవరికీ తెలియదు. తెలిసేసరికి గోడను నేలకు పట్టి ఉంచిన స్క్రూలు చెక్కలో పట్టు కోల్పోయి ఉంటాయి.

అడుగుకు తడి మూడు దారుల్లో వస్తుంది. మొదటిది చక్రాలు చిమ్మే నీళ్లు. వానలో హైవే మీద గంటకు వంద కిలోమీటర్ల వేగంతో పోతుంటే చక్రం వెనక ఉన్న చెక్కకు తగిలేది జల్లు కాదు, ధార. ఆ ధారలో ఇసుక ఉంటుంది, కంకర ఉంటుంది. చలి రాష్ట్రాల్లో ఉప్పు కూడా ఉంటుంది. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే పద్ధతిని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం 1938లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. ఇప్పుడు అమెరికా మొత్తం మీద ఏటా సుమారు రెండు కోట్ల టన్నుల ఉప్పు రోడ్లపాలవుతోంది. మిషిగన్, ఒహాయో, న్యూయార్క్ వైపు ఉండే మనవాళ్ల కార్ల కింద తుప్పు ఎలా పడుతుందో వాళ్లకు చెప్పక్కర్లేదు.

రెండో దారి నిలబెట్టిన చోట నేల నుంచి లేచే ఆవిరి. గడ్డి మీదో, తడి మట్టి మీదో నెలల తరబడి బండిని ఉంచితే, పగలు లేచిన ఆవిరి రాత్రి చల్లబడ్డ అడుగుకు పట్టుకుంటుంది. మూడో దారి చాలామంది లెక్కలోకి తీసుకోనిది, అది లోపలి నుంచి వస్తుంది. మూసిన చిన్న పెట్టెలో ఇద్దరు రాత్రంతా నిద్రపోతే, వాళ్ల ఊపిరి నుంచీ ఒంటి నుంచీ దాదాపు అర లీటరు నీరు గాలిలో కలుస్తుంది. వెచ్చగా ఉన్న ఆ ఆవిరి చల్లటి చోటు వెతుక్కుంటుంది. పరుపు స్పాంజిలోంచి కిందికి దిగి, బయటి చలికి మంచులా ఉన్న నేలచెక్కను తాకి నీరవుతుంది. పొద్దున్నే పరుపు ఎత్తి చూస్తే కింద తడి. దాన్ని అలాగే మడిచిపెట్టి ఇంటికి వస్తే వారంలో నల్లటి బూజు.

ఇక ప్లైవుడ్ సంగతి. సన్నటి చెక్కపొరలను ఒకదానికొకటి అడ్డంగా పేర్చి అంటించిన పలక అది. 1905లో పోర్ట్‌లాండ్ నగరంలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో డగ్లస్ ఫర్ చెక్కతో చేసిన ప్లైవుడ్‌ను చూపించారు. ఆ కాలపు జిగురు నీళ్లు తగిలితే వదిలేసేది. 1934లో వాషింగ్టన్ రాష్ట్రంలో జేమ్స్ నెవిన్ అనే రసాయన శాస్త్రవేత్త నీటికి ఊడని జిగురు తయారుచేశాక ప్లైవుడ్ ఇంటి బయటికీ, పడవల్లోకీ అడుగుపెట్టింది. మన దేశంలో ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ ముక్కను 72 గంటలు నీళ్లలో ఉడకబెట్టి పరీక్షిస్తారు. ఇదంతా విని, జిగురు ఊడదు కాబట్టి పలక పాడవదనుకుంటారు. జిగురు నిలుస్తుంది, నిజమే. ఆ జిగురు పట్టి ఉంచిన చెక్క మాత్రం మామూలు చెక్కే. తడిలో ఉంటే కుళ్లుతుంది.

పలక ముఖం మీద నీళ్లు పోస్తే చాలావరకు జారిపోతాయి. అంచు మీద పోస్తే పీల్చుకుంటుంది. చెట్టు బతికి ఉన్నప్పుడు వేరు నుంచి ఆకు దాకా నీళ్లు మోసిన సన్నటి గొట్టాల కోసిన మూతులు ఆ అంచులో తెరుచుకుని ఉంటాయి. ప్లైవుడ్‌లో పొరలు అటొకటి ఇటొకటి ఉంటాయి కనుక నాలుగు అంచుల్లో ఏది చూసినా దాదాపు సగం పొరలు మూతులు తెరిచే ఉంటాయి. బోల్టు కోసం వేసిన ప్రతి రంధ్రం లోపలి గోడ కూడా అంతే. వైరు కోసం వేసిన రంధ్రమూ అంతే. అందుకే షీటు మధ్యభాగం ఏళ్ల తర్వాత కూడా గట్టిగా ఉండి, అంచు వెంట రెండు అంగుళాలు, బోల్టు చుట్టూ రూపాయి బిళ్లంత మేర మెత్తబడిన నేలలు కనిపిస్తాయి.

కుళ్లించేది ఒక రకం బూజు. దాని బీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి, వాటిని ఆపలేం. అయితే చెక్కలో తేమ వందకు ఇరవై పాళ్లు దాటకపోతే ఆ బూజు పెరగలేదు. విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్‌లో 1910 నుంచి పనిచేస్తున్న అమెరికా ప్రభుత్వ అటవీ ఉత్పత్తుల పరిశోధనశాల దశాబ్దాలుగా ఈ విషయాలనే పరిశీలిస్తోంది. ఏ రంగులు, ఏ వార్నిష్‌లు చెక్కలోకి ఆవిరిని ఎంత ఆపుతాయో అక్కడ కొలిచి చూశారు. చెక్కకు బయటి నుంచి పూసే ఏ పూతా ఆవిరిని పూర్తిగా ఆపలేదని తేలింది. ఒకటి ఎక్కువ ఆలస్యం చేస్తుంది, ఇంకొకటి తక్కువ. పూతల సంఖ్య పెరిగేకొద్దీ ఆలస్యం పెరుగుతుంది. అంతవరకే.

నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంది. అడుగును నీరు చొరకుండా సీలు చేసేద్దాం అని పని మొదలుపెట్టేవాళ్లు దొరికిన వాటిలో దళసరి పూత ఏదో చూసి దాన్ని పులిమేస్తారు. లోపలికి వెళ్లే నీటి దారులు మూయాలి, సందేహం లేదు. దాంతోపాటు, ఎలాగూ లోపలికి వెళ్లిన నీరు మళ్లీ ఆరిపోయే దారి ఉంచాలి. వచ్చే తడి కన్నా పోయే తడి ఎక్కువగా ఉన్నంతకాలం ఆ చెక్కకు ఢోకా లేదు.

దీన్నిబట్టి ఏం పూయాలో చూద్దాం. అక్కడ ట్రైలర్లు కట్టేవాళ్లలో బాగా పాతుకుపోయిన పద్ధతి తారు. ఇళ్ల పైకప్పులకూ, పునాది గోడలకూ పూసే నల్లటి బిటుమెన్ పూత. దానికి ముందు పాలియురెథేన్ వార్నిష్‌లో టర్పెంటైన్ లాంటి ద్రావకం కలిపి, సగానికి సగమో అంతకన్నా పలచగానో చేసి, చెక్క తాగినంత తాగిస్తారు. అది ఆరాక తారు. చవక, తేలిక, రాయి తగిలితే పెచ్చు లేవదు. మన తీరాల్లో చెక్క నావల అడుగుకు గుగ్గిలం నూనెతో కాచి పూసే అలవాటు వెనక ఉన్నదీ ఇలాంటి ఆలోచనే. చెక్క ఉబ్బినా ముడుచుకున్నా పగలకుండా దానితో పాటు సాగే పూత కావాలి.

తారులో రెండు రకాలున్నాయి, ఇక్కడ జాగ్రత్త. ద్రావకంలో కరిగించినది ఒకటి. వాసన వారాల తరబడి పోదు. పడుకునే పరుపుకు అంగుళం కింద ఆ వాసన మంచిది కాదు. నేలలో చలి ఆపడానికి పాలీస్టైరిన్ ఫోమ్ పలకలు పెట్టి ఉంటే ఆ ద్రావకం వాటిని కరిగించేస్తుంది కూడా. రెండోది నీటిలో కలిపిన ఎమల్షన్ రకం. వాసన తక్కువ, చెయ్యి కడుక్కోవడం తేలిక. కానీ చలిలో సరిగా ఆరదు. పది డిగ్రీల సెల్సియస్ కన్నా పైన ఉన్న రోజులు చూసుకుని పూయాలి, పూర్తిగా ఆరేవరకు వాన తగలకూడదు. తారు వాడదలిస్తే ఎమల్షన్ రకమే వాడమంటాను. ఒకసారి తారు పూశాక దాని మీద వేరే రంగు నిలవదని కూడా గుర్తుంచుకోవాలి. నల్లటి మరక పైకి ఉబికి వస్తూనే ఉంటుంది.

తారు విషయంలో నా అసలు అభ్యంతరం వేరు. అది ఆవిరిని దాదాపుగా బయటికి పోనివ్వదు. అడుగున దళసరిగా తారు పూసి, లోపలి వైపు నేలను పచ్చి చెక్కగా వదిలేశారనుకోండి. రాత్రి ఊపిరి ఆవిరి పై నుంచి చెక్కలోకి దిగుతుంది, కింద తారు దాన్ని ఆపేస్తుంది. వేసవిలో పైకి ఆరాలంటే పైన పరుపు. కాబట్టి అడుగుకు ఎంత దిట్టంగా పూస్తారో, లోపలి ముఖానికి కనీసం అంత దిట్టంగా పూయాలి. రెండు ముఖాలూ సమానంగా పూసిన పలక వంకర తిరగకుండా కూడా ఉంటుంది.

రెండో పద్ధతి ఎపాక్సీ అనే జిగురు పూత. ఇది పడవల నుంచి వచ్చింది. మిషిగన్‌లోని బే సిటీలో గూజన్ సోదరులు చెక్కపడవలను ఎపాక్సీతో కట్టి, 1970ల నుంచి ఆ పద్ధతిని అందరికీ అందుబాటులోకి తెచ్చారు. ఆవిరిని ఆలస్యం చేయడంలో చెక్కపూతల్లో దీనికి సాటి తక్కువ. కానీ ఖరీదు. పైగా గట్టిది, సాగదు. కంకర తగిలి ఒకచోట పెచ్చు లేస్తే ఆ చోట నీరు లోపలికి వెళ్లి, తిరిగి రావడానికి మిగతా ఎపాక్సీ దారి ఇవ్వదు. అందుకని షీటు ముఖమంతా ఎపాక్సీ పూయడం కన్నా, అంచులకూ రంధ్రాలకూ దాన్ని వాడి, ముఖానికి మామూలు బయటి రంగు వాడటం తెలివైన పని. డబ్బు మిగులుతుంది, చెక్కకు ఊపిరి మిగులుతుంది.

అంచుకు ఎపాక్సీ ఎలా పట్టించాలో కాస్త దగ్గరగా చెబుతాను. ముందు అంచును శాండ్‌పేపర్‌తో రుద్ది, దుమ్ము దులపాలి. మధ్యపొరల్లో ఖాళీలుంటాయి, చిన్న చిన్న గూళ్లలాగా. వాటిని వదిలేస్తే రేపు నీరు నిలిచేది అక్కడే. మొదటి పూతను ఏమీ కలపకుండా పలచగా పూస్తే చెక్క గటగటా తాగేస్తుంది, కొద్ది నిమిషాల్లో అంచు మళ్లీ పొడిగా కనిపిస్తుంది. తాగినచోట మళ్లీ తాగించాలి. ఆ పైన రంపపు పొట్టును పిండిలా జల్లించి ఎపాక్సీలో కలిపి ముద్దలా చేసి, ఆ గూళ్లలోకి కత్తితో నొక్కాలి. గట్టిపడ్డాక రుద్ది ఇంకో రెండు పూతలు.

ఇందులో వేళ కూడా ముఖ్యమే. ఎపాక్సీని పొద్దున పూయకూడదు, సాయంత్రం పూయాలి. పొద్దున ఎండ ఎక్కేకొద్దీ చెక్క లోపలి గాలి వ్యాకోచించి బయటికి తోసుకొస్తుంది, పూత నిండా బుడగలు లేస్తాయి. బుడగ పగిలినచోట సన్నటి చిల్లు మిగులుతుంది. సాయంత్రం చెక్క చల్లబడుతుంటే లోపలి గాలి ముడుచుకుని పూతను తనలోకి లాక్కుంటుంది. అదే డబ్బా, అదే చెయ్యి, పూట మారితే ఫలితం మారిపోతుంది. మర్నాడు పూత మీద మైనంలా జిడ్డు తేలి ఉంటే నీళ్లతో తుడిచి, ఆరాకే తర్వాతి పూత వేయాలి. లేకపోతే పైపూత అతుక్కోదు.

బోల్టు రంధ్రాలకు పడవల వడ్రంగులు చేసే పని ఒకటుంది. నాకు ఈ పని మొత్తంలో బాగా నచ్చే భాగం అదే. పావు అంగుళం బోల్టు కావాలంటే ముందు అరంగుళం రంధ్రం వేస్తారు. అడుగున టేపు అంటించి, ఆ రంధ్రం గోడలకు పలచటి ఎపాక్సీ తాగించి, ఆపైన ముద్ద ఎపాక్సీతో నింపేస్తారు. అది రాయిలా గట్టిపడ్డాక, సరిగ్గా దాని మధ్యలో పావు అంగుళం డ్రిల్ వేస్తారు. ఇప్పుడు బోల్టు చెక్కలోంచి పోవడం లేదు, ఎపాక్సీ గొట్టంలోంచి పోతోంది. బోల్టు వెంట నీరు కారినా చెక్కకు తగలదు. నట్టు బిగిస్తే చెక్క నలగదు. ట్రైలర్ అంతటికీ ఇలాంటి బోల్టులు పట్టుమని పాతిక ఉండవు. ఒక సాయంత్రం పని. ఆ సాయంత్రం పెట్టినవాళ్ల నేల ఎక్కువకాలం నిలబడుతుంది.

ముఖానికి ఏ రంగు అంటారా? బయటి చెక్కలకు వేసే మంచి ప్రైమర్ ఒక పూత, ఆపైన బయటి గోడలకో వరండా నేలలకో వేసే నాణ్యమైన రంగు రెండు పూతలు. చక్రాల పైన, వెనక, కంకర తగిలే మేర మాత్రం పికప్ ట్రక్కుల తొట్టెలకు పూసే దళసరి బెడ్‌లైనర్ పూత అదనంగా వేయవచ్చు. స్ప్రే డబ్బాల్లో వచ్చే రబ్బరు అండర్‌కోటింగ్ ఇనుముకోసం చేసినది. దాన్ని పచ్చి చెక్క మీద నేరుగా కొట్టడం వల్ల ప్రయోజనం లేదు. అంటుకున్నట్టే ఉంటుంది, వెనక చెమ్మ చేరగానే చర్మంలా ఊడివస్తుంది.

అడుగు కదా అని అందరూ నలుపు ఎంచుకుంటారు. లేత బూడిద రంగు వేయండి అంటాను. లేత రంగు అడుగున సన్నటి పగులు కనిపిస్తుంది, తుప్పు నీరు కారిన చార కనిపిస్తుంది, నీరు పట్టి ముదురు రంగుకు తిరిగిన మచ్చ కనిపిస్తుంది. నలుపు వీటన్నిటినీ దాచేస్తుంది.

చెక్కకూ ఛాసిస్‌కూ మధ్య జాగా గురించి. ఇనుప గొట్టం మీద చెక్కను నేరుగా పరిస్తే ఆ రెండింటి నడుమ సన్నటి సందులో నీరు చేరి ఎన్నటికీ ఆరదు. కొందరు అక్కడ తడి తారు పూసి నొక్కేస్తారు. అంతకన్నా బ్యూటైల్ టేపు మంచిది. సాగుతుంది, గట్టిపడదు, బోల్టు చుట్టూ ముద్దలా అతుక్కుని సందు మూసేస్తుంది. ఏదో ఒక రోజు నేలను విప్పాల్సి వస్తే విప్పనిస్తుంది కూడా. సిలికాన్ జోలికి మాత్రం వెళ్లవద్దు. దాని మీద రంగు నిలవదు. గీకి తీసినా దాని జిడ్డు మిగిలి, తర్వాత పూసే దేన్నీ అంటనివ్వదు.

ఛాసిస్ సంగతి క్లుప్తంగా చెబుతాను. మామూలు ఇనుమైతే వైరు బ్రష్షుతో తుప్పు గీకి, నూనె జిడ్డు పోయేలా తుడిచి, మన ఆటోనగర్లలో వాడే రెడాక్సైడ్ లాంటి ప్రైమర్ వేసి, ఎనామిల్ రంగు వేస్తే సరిపోతుంది. జింకు పూత ఉన్న ఇనుముకు మాత్రం ఆ ఎనామిల్‌ను నేరుగా వేయకూడదు. రంగులోని నూనెతో జింకు కలిసి సబ్బులాంటి పదార్థం ఏర్పడుతుంది, కొన్నాళ్లకు రంగు పలకలుగా ఊడిపోతుంది. దానికి తగిన ప్రైమర్ వేరే ఉంటుంది, అడిగి తెచ్చుకోవాలి. గొట్టాల చివరలు మూసి ఉంటే కింద చిన్న చిల్లు ఉండేలా చూడండి. లేకపోతే బయటి రంగు మెరుస్తుండగానే లోపల నిలిచిన ఉప్పునీరు గొట్టాన్ని తినేస్తుంది.

అడుగంతా ఒక రేకు బిగించేస్తే గొడవ వదిలిపోతుంది కదా అని అడిగేవాళ్లున్నారు. వద్దు. రేకు పైన చేరిన నీటికి కిందికి దారి ఉండదు, గాలి తగలదు. తడి కనబడకుండా పోతుంది, అంతే. చెద, కుళ్లు పట్టకుండా మందు ఎక్కించిన ప్లైవుడ్ వాడతామనేవాళ్లకు కూడా ఒక మాట. రాగి మందులు ఎక్కించిన ఆ చెక్క అల్యూమినియాన్ని తినేస్తుంది, జింకు పూత లేని స్క్రూలను తుప్పు పట్టిస్తుంది. దుకాణం నుంచి తడిగా వస్తుంది, పూర్తిగా ఆరితే గానీ రంగు పట్టదు.

ఇప్పుడు ప్రాణాలకు సంబంధించిన విషయం, దీన్ని దయచేసి శ్రద్ధగా వినండి. అవిసె నూనె, నూనె ఆధారిత వార్నిష్‌లు తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకూడదు. అవి ఆరేటప్పుడు వేడి పుడుతుంది. ఉండలో ఆ వేడి బయటికి పోలేక, అగ్గిపుల్ల అవసరం లేకుండా వాటంతట అవే అంటుకుంటాయి. 1991 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా నగరంలో వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనం అలాంటి అవిసె నూనె గుడ్డల వల్లే తగలబడింది. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. గుడ్డలను బయట విడివిడిగా పరిచి ఆరేయండి, లేదా నీళ్లు పోసిన ఇనుప డబ్బాలో మూతపెట్టి ఉంచండి.

అమెరికా గరాజుల్లో నీళ్లు కాచే గ్యాసు హీటరు ఉండటం మామూలు. అందులో చిన్న మంట ఎప్పుడూ వెలుగుతూ ఉండవచ్చు. తలుపు మూసి, ద్రావకాలున్న రంగు పూస్తే ఆ ఆవిరి నేల వెంట పాకి మంటను చేరుతుంది. ముందు హీటరు ఆపండి, తలుపు పూర్తిగా ఎత్తండి. రెండు డబ్బాలు కలిపి స్ప్రే చేసే బెడ్‌లైనర్లలో ఐసోసయనేట్లు ఉంటాయి. వాటివల్ల ఆస్తమా పట్టుకుంటే జీవితాంతం వదలకపోవచ్చు. గుడ్డ మాస్కు చాలదు. సరైన రక్షణ లేకుంటే రోలర్‌తో పూసే ఒకే డబ్బా రకం వాడండి. చేతులకు తొడుగులు లేకుండా ఎపాక్సీ ముట్టుకోవద్దు. కొందరికి చర్మం దానికి ఒకసారి ఎదురు తిరిగిందంటే ఇక ఎప్పటికీ పడదు.

పూత పూశాక చూసుకోవడం పెద్ద పనేం కాదు. ఉప్పు రోడ్ల మీద తిరిగొస్తే గొట్టంతో అడుగు కడగండి. బండిని గడ్డి మీద కాక కంకర మీదో సిమెంటు మీదో నిలబెట్టండి, ముక్కు కాస్త ఎత్తి ఉంచండి. టార్పాలిన్‌తో నేల దాకా చుట్టేయవద్దు, కింద గాలి ఆడాలి. పడుకునేటప్పుడు కిటికీ కొంచెం తెరవండి. పరుపు కింద చెక్క బద్దల తడకో, గాలి ఆడే చాపో వేయండి.

చివరిగా, ఇప్పుడు గరాజులో బండి సగంలో ఉన్నవాళ్లకు నా మనవి. నేలను ఛాసిస్ మీదికి ఎక్కించకముందే, ఇద్దరు పట్టుకుని బల్ల మీద బోర్లా తిప్పేసి అడుగు పని పూర్తిచేయండి. తర్వాత ఆ అవకాశం రాదు. ఇదివరకే కట్టుకుని తిరుగుతున్నవాళ్లు ఈ వారాంతం ఒక టార్చిలైటు, ఒక స్క్రూడ్రైవరు తీసుకుని బండి కిందికి వెళ్లండి. అంతకు ముందు బండిని స్టాండ్ల మీద గట్టిగా నిలబెట్టడం మరవద్దు. అంచుల వెంట, ప్రతి బోల్టు పక్కన, చక్రాల వెనక స్క్రూడ్రైవరు కొనతో మెల్లగా నొక్కి చూడండి. ఎక్కడైనా మెత్తగా దిగితే అక్కడ వెంటనే రంగు పూయవద్దు. ముందు పూర్తిగా ఆరనివ్వండి, మెత్తబడిన చెక్క తీసేయండి, ఆ తర్వాతే పూత.